మితవాది గారి ముందుగది

పేటలో సగం మందికి కళ్ళజోళ్ళు అమర్చింది ఆయనే అయినా, ఆయన్ని ఎవరూ కళ్ళజోళ్ళాయన అనరు. మితవాది అంటారు. ఆ పేరు ఇంకొకరు పెట్టింది కాదు, ఆయనే పెట్టుకున్నాడు. కాలేజీ రోజుల్లో ఒక చర్చా వేదిక ఎక్కి "నేను మితవాదిని" అని మొదలుపెట్టి, ఆ ఒక్క మాటకి అర్థం చెప్పడానికే సభ ముగిసేదాకా మాట్లాడాడట. అధ్యక్షుడు గంట కొట్టి కొట్టి చెయ్యి లాగేసి, చివరికి గంట కూడా ఆయన చేతికే ఇచ్చి ఇంటికి వెళ్ళిపోయాడని చెప్పుకుంటారు.

మితవాదికి కాలు ఒకచోట నిలవదు. మాట్లాడుతూ నడుస్తాడు, నడుస్తూ మాట్లాడతాడు. గోడ దాకా వెళ్ళి తిరుగుతాడు, మళ్ళీ ఈ గోడ దాకా వచ్చి తిరుగుతాడు. చెయ్యి ఖాళీగా ఉంటే కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తాడు. తనది తుడవడం అయిపోతే ఎదుటివాళ్ళది లాక్కుని తుడుస్తాడు. ఆయనతో వాదనకి దిగినవాళ్ళకి సగంసేపు ఎదురుగా ఎవరున్నారో కూడా కనపడదు.

ఈ నడకంతా సాగేది ఇంటి ముందుగదిలో. ఇంట్లో కాస్త విశాలంగా, వెలుతురుగా ఉన్న గది అదొక్కటే. మధ్యలో ఆయన పడక్కుర్చీ ఉంటుంది. అందులో ఆయన కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ, కానీ ఇంకెవరైనా కూర్చుంటే మాత్రం ఊరుకోడు.

ప్రతి ఆదివారం పొద్దున్నే ఇద్దరు మిత్రులు ఆ గదికి వస్తారు. ఒకరు రిటైరైన బడిపంతులు. ఎవరేమన్నా "అవునుగానీ" అని మొదలుపెడతాడు కాబట్టి ఆయన పేరు అవునుగానీ మాస్టారు. టీ చల్లారిపోతోందన్నా "అవునుగానీ" అంటాడు. రెండోవాడు మందుల షాపు ఆయన. ఆయన పేరు ఖండన. చినుకు పడితే చినుకుని కూడా తీవ్రంగా ఖండిస్తాడు.

ముగ్గురూ కలిసి దేశాన్ని బాగుచేద్దామనే కూర్చుంటారు. కానీ ముందుగా ఎవరు ఏ వాదో తేలాలి కదా! అది తేలదు. అందుచేత ఇన్నేళ్ళుగా ఒక్క విషయం మీదైనా అసలు చర్చ మొదలైన పాపాన పోలేదు.

ఆ ఆదివారం కూడా అంతే. బయట వాన దంచుతోంది.

"నువ్వు మితవాదినంటావు. అవునుగానీ, మా చిన్నప్పుడు మితవాదంటే అర్జీ పెట్టుకుని ఓపిగ్గా వరండాలో కూర్చునేవాడు" అన్నాడు మాస్టారు. "ఇప్పుడు పేపరు తియ్యి. కుడిపక్షం వాళ్ళందర్నీ మితవాదులనే రాస్తున్నారు. వాళ్ళలో కొందరు మైకులు పగిలేలా అరుస్తారు. ఈ రెండు రకాల్లో నువ్వు ఏ మితవాదివి?"

"పాత మితవాదిని" అన్నాడు మితవాది, గోడ దగ్గర తిరుగుతూ.

"పాతదంటే బాగుందంటున్నావు. అంటే సంప్రదాయవాదివన్న మాట."

"ఖండిస్తున్నాను!" అన్నాడు ఖండన.

"దేన్నయ్యా?"

"అది ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి నేను తటస్థుణ్ణి."

మితవాదికి ఒళ్ళు మండింది. "తటం అంటే ఏమిటి? ఒడ్డు. తటస్థుడంటే ఒడ్డున ఉన్నవాడు. దిగడు, తడవడు. అలాంటివాణ్ణి నేను మనిషిగానే లెక్కెయ్యను!" అని ఖండన కళ్ళజోడు లాక్కుని తుడవడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే బాల్కనీ తలుపు తెరుచుకుంది. నిలువునా తడిసిన మనిషి ఒకావిడ కుట్టుమిషన్ తలని చంకలో పెట్టుకుని లోపలికి వచ్చింది. ఆవిడ మితవాది భార్య. ఏళ్ళ తరబడి ఆ బాల్కనీలో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పుతోంది. పిల్లలు టీచరమ్మా అంటారు, దాంతో పేటంతా అదే పిలుస్తోంది.

"ఏవండీ, ఒకసారి ఇటు చూస్తారా?"

"చూస్తున్నాను, చెప్పు" అన్నాడు మితవాది అటు నడుస్తూ.

"జల్లు కొడుతోంది. నా మిషను తడిసింది. పక్క వీధి పాపాయమ్మ మనవరాలి స్కూలు యూనిఫారం కత్తిరించి పెడితే అదీ తడిసింది. పిల్లలు గోడకి బల్లుల్లా అతుక్కుని కుడుతున్నారు. కిందటి వానకే ఇద్దరు మానేశారు. ఈ గది నాకిచ్చెయ్యండి."

మితవాది నడక ఆగింది. ఆయన నడక ఆగడమంటే చిన్న విషయం కాదు.

"ఈ గదా? ఇది చర్చావేదిక!"

"వేదిక బాల్కనీలో పెట్టుకోండి. మాటలు తడిసినా ఆరేసుకోనక్కర్లేదుగా."

అవునుగానీ మాస్టారు నవ్వబోయి దగ్గాడు. నలుగురిలో మాట పడటం మితవాదికి నచ్చలేదు. ఛాతీ విరుచుకున్నాడు.

"ఇలాంటి పెద్ద నిర్ణయాలు ఒకరు చేసేవి కావోయ్. మనది ప్రజాస్వామ్య కుటుంబం. వచ్చే ఆదివారం చర్చ పెడదాం. తరవాత ఓటు. నువ్వూ, నేనూ, అమ్మా, అమ్మాయీ."

"నేను ఓడిపోతే?"

"వాన వెలిసేదాకా ఓపిక పట్టు."

"మీరు ఓడిపోతే?"

"ఊరికే అడక్కు, పని చూసుకో."

"సరే" అంది టీచరమ్మ, కొంగు పిండుకుంటూ. ఆవిడ అంత తేలిగ్గా సరే అన్నప్పుడే ఆయనకి అనుమానం రావలసింది. కానీ మితవాది అప్పటికే ఎన్నికల ఆలోచనలో పడ్డాడు.

మర్నాడు మితవాది తన షాపులో ఒక ముసలాయనకి కళ్ళు పరీక్షిస్తున్నాడు. ఖాళీ ఫ్రేము ముక్కు మీద పెట్టి, ఒక్కో అద్దం వేసి తీస్తూ, "ఇది బాగుందా? ఇది బాగుందా?" అని అడగడం ఆయన రోజూ చేసే పనే. ముసలాయన పెదవి విరుస్తూ విరుస్తూ, ఒక అద్దం దగ్గర మాత్రం "ఆఁ! ఇదీ!" అన్నాడు. మితవాదికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఓటరు కూడా అంతే కదా! ఎవరి కంటికి ఏ వాదం బాగుంటే వాళ్ళకి ఆ వాదమే అమరిస్తే సరి. ఆ సంతోషంలో ముసలాయనకి బిల్లు వెయ్యడం మరిచిపోయాడు.

సాయంత్రం ముందుగా తల్లి దగ్గర చేరాడు. పెద్దావిడ జోడు వదులైందంటే చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నీ దృష్టిలో నేను ఎలాంటివాణ్ణే? సంప్రదాయవాదినా?"

"ఛీ! పొద్దున్నే లేవవు, నీకు సంప్రదాయమేంటి?"

"పోనీ సంస్కర్తనా?"

"కండువా కప్పుకుని మీటింగులు చెప్పేవాళ్ళురా వాళ్ళు. నీకంత ఓపికేదీ?"

"ఉదారవాదినా?"

పెద్దావిడ మొహం వెలిగిపోయింది. "మా నాన్నని ఊళ్ళో ఉదారవాది అనేవాళ్ళురా. నలుగురూ నవ్వినా నన్ను బడికి పంపాడు. ఆ మాట వింటే చాలు, నా కడుపు నిండిపోతుంది."

"అదేనమ్మా నేను. ఉదారవాదిని. తాతయ్య పోలికే!"

"అలాగా నాయనా" అని పెద్దావిడ తల నిమిరింది. ఆ ఓటు ఖాయమైంది. స్క్రూ కూడా బిగిసింది.

కూతురు కాలేజీలో చదువుతోంది. బ్యాగు ఒకచోట, తను ఒకచోట, మనసు ఇంకెక్కడో పెట్టుకుని తిరుగుతుంది. ఆ కాలు నిలవకపోవడం తండ్రి నుంచే వచ్చింది. మెట్ల మీద పట్టుకున్నాడు.

"అమ్మడూ, నేను ఉదారవాదినని మీ నానమ్మ..." అని మొదలుపెట్టాడో లేదో, పిల్ల మొహం చేదు మాత్ర మింగినట్టైపోయింది.

"ఉదారవాదా? నాన్నా, మా కాలేజీలో అది తిట్టు. అందరితోనూ ఔననేసి ఏ పనీ చెయ్యని వాళ్ళని అంటారు."

అద్దం చటుక్కున మార్చాడు మితవాది. "నేను కాదని చెప్పాలనే వచ్చాను. పోనీ మితవాదులు?"

"మరీ ఘోరం."

"అతివాదులు?"

"వాళ్ళు ఓకే" అంది పిల్ల, కళ్ళు పెద్దవి చేసి. "దేన్నైనా వేళ్ళతో సహా పెకిలించి మార్చేవాళ్ళన్న మాట."

మితవాది అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరితోనూ అనకు. లోలోపల నేను అతివాదినే."

"నిజమా నాన్నా!" అని పిల్ల చేతులు పట్టుకుంది. రెండో ఓటు కూడా పెట్టెలో పడింది.

ఇక వంటింట్లోకి వెళ్ళి, ఎందుకైనా మంచిదని భార్యతో కూడా, "ఎంత పోటీ అయినా నీ దగ్గర మాత్రం నేను మితవాదినేనోయ్" అన్నాడు.

"అలాగా. గుర్తుపెట్టుకుంటాను" అంది టీచరమ్మ.

వారమంతా మితవాది ఉత్సాహం పట్టలేకపోయాడు. షాపులో అద్దాలు తుడిచి, అద్దాల బీరువా తుడిచి, చివరికి పక్క షాపు బోర్డు కూడా తుడిచాడు.

ఆదివారం రానే వచ్చింది. ముందుగదిలో కిటికీ పక్కన ముక్కాలిపీట వేసుకుని టీచరమ్మ కూర్చుంది. చేతిలో ఏదో గౌను, అంచు కుడుతోంది. పెద్దావిడ, అమ్మాయి గది మధ్యలో కూర్చున్నారు. మితవాది కుర్చీ వెనక నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ముందు మన అభ్యర్థి ఎవరో సభకి పరిచయం చెయ్యాలి. అమ్మా, నేనెవరినో నువ్వు చెప్పు."

పెద్దావిడ గర్వంగా, "మా వాడు ఉదారవాది" అంది.

"ఉదారవాదా?" అమ్మాయి లేచి నిలబడింది. "నానమ్మా, నువ్వు పొరబడ్డావు. నాన్న అతివాది! మెట్ల మీద నాకు చెప్పాడు."

పెద్దావిడ చెయ్యి గుండెల మీదికి పోయింది. "ఏమిటీ! అతివాదా? మా రోజుల్లో అతివాది ఉన్నాడని అనుమానం వస్తే చాలు, పోలీసులు పరుపులు కూడా చించి వెతికేవాళ్ళు! అమ్మాయ్, ముందు ఆ తలుపు గడియ పెట్టు! ఒరేయ్, నీకిదేం బుద్ధిరా, పెళ్ళాం పిల్లలున్నవాడివి!"

పిల్ల కదిలేలోపు తనే లేచి గడియ పెట్టేసి, తలుపుకి వీపు ఆనించి నిలబడింది. మరుక్షణం తలుపు దబదబా చప్పుడైంది.

"ఎవరది?" అంది పెద్దావిడ వణుకుతూ.

"మేమేనమ్మా! చర్చకొచ్చాం" అన్నాడు బయట నుంచి అవునుగానీ మాస్టారు.

"మీరంటే ఏ వాదులు?"

బయట గుసగుసలు వినపడ్డాయి. "చెప్పానా, అది తేలకుండా ఏదీ మొదలవదని" అన్నాడు మాస్టారు. "ఈ తలుపుని ఖండిస్తున్నాను!" అన్నాడు ఖండన.

లోపల మితవాది పరుగులాంటి నడక మొదలుపెట్టాడు. "అమ్మా, అతివాదమంటే నువ్వనుకునేది కాదే. ఇప్పుడు అర్థం మారింది. అమ్మడూ, ఉదారవాదమంటే నువ్వనుకునేది కాదు. అప్పుడు అర్థం వేరు."

"మరి మీరు ఇప్పటివారా, అప్పటివారా?" అంది టీచరమ్మ, సూది ఆపకుండా.

"నువ్వు నీ వంతు వచ్చినప్పుడు మాట్లాడు!"

"ఇచ్చెయ్యండి మరి, నా వంతు. మితంగానే మాట్లాడతాను. వాదమంతా మీరే చేసేస్తున్నారు, మితమైనా నాకు మిగల్చండి."

అమ్మాయి కిసుక్కున నవ్వింది. టీచరమ్మ అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా, ఉదారవాదంటే ఏమిటో నాకు తెలీదు. మీ నాన్నగారు ఏం చేసేవారో చెప్పండి, తెలుసుకుంటాను."

పెద్దావిడ భయం మరిచిపోయింది. తలుపు వదిలి రెండడుగులు వేసింది. "ఏం చేశాడా? ఇంట్లో చోటు లేదని అందరూ అంటే, తన గదిలో సగం ఖాళీ చేసి నాకు బల్ల వేయించాడే. ఆయన నేల మీద కూర్చుని చదువుకునేవాడు. చేతికి ఎముక లేని మనిషి." అంటూ ఉండగానే ఆవిడకి ఏదో తట్టింది. కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్. తాతయ్య పోలికన్నావు. మరి ఆ పిల్లలు వానలో తడుస్తుంటే గది ఇవ్వనంటావేంట్రా?"

మితవాది గోడ దాకా వెళ్ళి తిరిగాడు. జోడు తీసి తుడిచాడు. కూతురైనా కాపాడుతుందేమోనని అటు చూశాడు.

"నువ్వు అతివాదివి కదా నాన్నా! వేళ్ళతో సహా మార్చేద్దాం. ముందు ఈ కుర్చీతో మొదలుపెడదాం. కుర్చీ వదలనివాడు అతివాది ఎలా అవుతాడు?"

"ఆ మాటకి నాకు తెలిసిన అర్థం ఒక్కటే తల్లీ" అంది టీచరమ్మ దారం కొరుకుతూ. "అతివ, ఆది. ముందు ఆడవాళ్ళ మాట."

అమ్మాయి చప్పట్లు కొట్టింది. పెద్దావిడ కూడా, "ఓహో, అదా అర్థం! అయితే పోలీసులు రారులే" అని కుదుటపడింది.

తను అమర్చిన అద్దాలు వాళ్ళు ఒకళ్ళవి ఒకళ్ళు మార్చుకున్నారనీ, ఇప్పుడు అందరికీ తన భార్యే స్పష్టంగా కనపడుతోందనీ మితవాదికి అర్థమైంది. ఇక చర్చ సాగనిస్తే మొదటికే మోసం వస్తుంది. ఓటు పెట్టేస్తేనే మేలు. కూతురికి ఎడమ అన్న మాటంటే ఇష్టమని ఆయనకి గుర్తొచ్చింది.

"చర్చ చాలు! నా పక్షం వాళ్ళు ఎడమవైపు నిలబడండి. టీచరమ్మ పక్షం కుడివైపు!" అన్నాడు, కిటికీకి కుడిచెయ్యీ తలుపుకి ఎడమచెయ్యీ చాపి.

"అంటే మీరు తలుపు వైపు. నేను కిటికీ వైపు. అంతేగా?" అంది టీచరమ్మ.

"అంతే. కానీ ఓటుకి ముందు రెండు ముక్కలు" అని మితవాది నడక అందుకున్నాడు. రెండు ముక్కలంటే ఆయన లెక్కలో చాలానే ఉంటాయి. ఈ గోడ దాకా వెళ్ళి స్వేచ్ఛ గురించి చెప్పాడు. తిరిగాడు. ఆ గోడ దాకా వెళ్ళి సమానత్వం గురించి చెప్పాడు. తిరిగాడు. ప్రజల గురించి చెప్తూ ఇంకోసారి తిరిగాడు. ఆఖరికి ఆవేశం ఆపుకోలేక, ఎటు చూస్తూ ఆగాడో చూసుకోకుండా, "గుర్తుంది కదా! ఎడమ!" అని ఎడమచెయ్యి ఝాడించి చూపించాడు.

ఆ చెయ్యి సరిగ్గా కిటికీని చూపిస్తోంది.

నానమ్మా, మనవరాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం, ఆయన మాట తీసెయ్యలేక గబగబా వెళ్ళి టీచరమ్మ పక్కన నిలబడ్డారు.

"అటు కాదు! ఇటు! అమ్మా, ఇటు రావే!" అంటూ మితవాది పరిగెత్తుకెళ్ళి తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

టీచరమ్మ సూది గౌనుకి గుచ్చి చుట్టూ చూసింది. "అత్తయ్య ఇక్కడే ఉన్నారు. అమ్మాయి ఇక్కడే ఉంది. నేనూ ఉన్నాను. మీరూ వచ్చేశారు. ఏకగ్రీవం."

"అన్యాయం! ఇందాక ఎడమ అటుండేది!"

"ఉండేదండీ. నేను మొదట్నించీ కూర్చున్నచోటే కూర్చున్నాను. తిరిగింది మీరు."

ఆ మాట మితవాదికి ఎక్కడో లోపల తగిలింది. ఇన్నేళ్ళుగా ఆ మనిషి అదే బాల్కనీలో, అదే మిషను ముందు కూర్చుని ఉంది. ఏ వాదమని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. సిగ్గేసింది. కానీ సిగ్గుపడినట్టు కనపడటం ఇంకా సిగ్గు.

"అయితే నేను తటస్థుణ్ణి! నా ఓటు లెక్కెయ్యకండి!"

"అయ్యో, ఆ మాట ముందే చెప్పొద్దూ!" అంది టీచరమ్మ. "తటస్థులకి ఒడ్డు కావాలి కదా. బాల్కనీ ఖాళీ అవుతోంది."

తలుపు తెరిచాక మిత్రులిద్దరూ లోపలికి వచ్చారు. పడక్కుర్చీని బాల్కనీలోకి మోసింది వాళ్ళే. ఖండన ఆ మార్పుని దారి పొడుగునా ఖండిస్తూనే ఒక పక్క పట్టుకున్నాడు. మాస్టారు మాత్రం తలుపు దగ్గర ఆగి, "అవునుగానీ, వచ్చే వారం మనం ఎక్కడ కూర్చోవాలి?" అని అడిగాడు.

మర్నాడు మితవాది షాపు పెందలాడే కట్టేసి వచ్చాడు. సాయంత్రం ముందుగదిలో మిషన్ల చప్పుడు మొదలైంది. మానేసిన ఇద్దరమ్మాయిలు కూడా వచ్చారు. పెద్దావిడ మధ్యలో కూర్చుని, వాళ్ళ నాన్న బల్ల కథ మళ్ళీ మొదటి నుంచి చెప్తోంది. మితవాది బాల్కనీలో కుర్చీ మీద, జీవితంలో మొదటిసారి కాసేపు కదలకుండా కూర్చున్నాడు. అంతలో జల్లు మొదలైంది. కుర్చీ ఎడమకి జరిపాడు. అక్కడా జల్లే. కుడికి జరిపాడు. అక్కడ ఇంకా ఎక్కువ. కళ్ళజోడు తుడిచాడు, మళ్ళీ తడిసింది. తుడవడానికి చొక్కా అంచులో కూడా పొడిచోటు మిగల్లేదు. ఇదే జల్లులో ఆవిడ ఇన్నేళ్ళు ఎలా కుట్టిందా అనుకుంటూ కుర్చీలోంచి లేచాడు.

వెళ్ళి బాల్కనీ తలుపు తట్టాడు.

"ఎవరూ?" అంది లోపల్నుంచి టీచరమ్మ.

"నేనే."

"నేనంటే? ఇవాళ ఏ వాది?"

"ఏ వాదినీ కాదోయ్. తడిసినవాణ్ణి."

తలుపు తెరుచుకుంది. టీచరమ్మ తుండు చేతికిచ్చింది. "తటస్థుడు తడవడన్నారుగా" అంది మెల్లగా, పిల్లలకి వినపడకుండా. ఆ మాత్రం దయ చూపినందుకు ఆయన లోలోపల దణ్ణం పెట్టుకున్నాడు. తల తుడుచుకుంటూ, ఎక్కడ నిలబడాలో తెలియక అటూ ఇటూ చూశాడు. నడవడానికి చోటు లేదు. ఎటు చూసినా మిషన్లు, బట్టలు, పిల్లలు.

"ఇలా కూర్చోండి. కళ్ళజోళ్ళు అమర్చే చూపు కదా మీది, కాస్త పనికిరండి" అని ఆవిడ ముక్కాలిపీట జరిపి, ఒక సూదీ, దారపు ఉండా చేతిలో పెట్టింది.

మితవాది బుద్ధిగా కూర్చున్నాడు. జోడు సర్దుకుని సూదిని వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడు. నోరు ఊరుకోలేదు.

"ఏమోయ్, దారం ఎటు నుంచి ఎక్కించాలి? ఎడమ నుంచా, కుడి నుంచా?"

"బెజ్జంలోంచి" అంది టీచరమ్మ.